ఇంట్లో ఒకరి వైద్యానికి చేతి నుంచి పెట్టే ఖర్చు ఎంత దాటితే ప్రమాదమని గుర్తించాలి?

ప్రశ్న

మా నాన్నగారి మూత్రపిండాలు పనిచేయడం మానేసి పద్నాలుగు నెలలైంది. అప్పటి నుంచి వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయిస్తున్నాము. పెద్ద కూతురిని కావడంతో ఇంటి లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఈ ప్రశ్న రాస్తున్నాను.

మాకు ఆరోగ్య బీమా లేకపోలేదు. అయితే దాని వార్షిక పరిమితి మొదటి నాలుగైదు నెలల్లోనే అయిపోతుంది. మిగిలిన కాలమంతా ప్రతి డయాలసిస్‌కూ, రక్తహీనతకు ఇచ్చే ఇంజెక్షన్లకూ, నెలనెలా చేయించే పరీక్షలకూ మేమే కట్టుకోవాలి. ఒక్కసారిగా పెద్ద బిల్లు వస్తే బంధువులు, స్నేహితులు తలా ఒక చెయ్యి వేస్తారు. మొదటి నెలలో మాకూ అలాగే వేశారు, వారి రుణం మరచిపోలేము. కానీ వారానికి మూడు సార్లు, ఏడాదికి 156 సార్లు వచ్చే ఖర్చుకు ఎవరి గడప తొక్కగలం?

గత ఆరు నెలల సగటు తీశాను. ఇంటికి వచ్చే డబ్బును వంద భాగాలు చేస్తే, తిండికి, అద్దెకు, కరెంటుకు, నీళ్ళకు కలిపి 45 భాగాలు పోతున్నాయి. వైద్యానికి 28, ఆసుపత్రికి రాకపోకలకు 6, మొదట్లో చేసిన అప్పు వాయిదాలకు 8 భాగాలు పోగా, పిల్లల చదువుకూ తక్కిన అన్నిటికీ కలిపి మిగిలేది 13 భాగాలు. తమ్ముడు వారంలో మూడు పూటలు పని మానుకుని నాన్నగారిని తీసుకువెళ్తున్నాడు. ఆ పూటల సంపాదన ఎటూ రాదు కనుక దాన్ని ఎక్కడా రాయలేదు. తగ్గిన ఖర్చంటూ ఉన్నది ఒక్క అమ్మ మందులదే. ఏడాది క్రితంతో పోలిస్తే అది సగానికన్నా తక్కువకు వచ్చింది. ఆవిడకు బి.పి., షుగరు ఉన్నాయి, బహుశా అదుపులోకి వచ్చి ఉంటాయి.

నాకు తెలియవలసినవి మూడు. ఈ స్థాయి ఖర్చును ఒక కుటుంబం ఎంతకాలం మోయగలదో చెప్పే కొలత ఏదైనా ఉందా? అమ్మవలసి వస్తే ముందుగా ఏది అమ్మాలి? ఇంట్లో కొద్దిపాటి బంగారమూ, తమ్ముడు బతుకుతెరువుకు నడుపుకునే వాహనమూ తప్ప వేరే ఆస్తి లేదు. ఇక మూడవది అడగడానికే మనసు రావడం లేదు. పోయిన వారం నాన్నగారు, వారానికి మూడు బదులు రెండు సార్లు చేయించుకుంటే సరిపోదా అని అడిగారు. ఆయన ఒంటి బాధ గురించి కాక మా గురించి ఆలోచించే అలా అంటున్నారని తెలిసి కూడా, ఆ క్షణంలో నేను బదులు చెప్పలేకపోయాను.

జవాబు 1: ప్రజారోగ్య ఆర్థిక విషయాలు బోధించే ఒక సభ్యుడు

అమ్మా, మూడవ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన రెండూ రేపటి వరకు ఆగినా అది ఆగదు. మూత్రపిండ వైద్యుడు స్వయంగా పరీక్షించి నిర్ణయిస్తే తప్ప డయాలసిస్ సంఖ్య తగ్గించవద్దు. విరామం పెరిగే కొద్దీ ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని గుండె మీద పడతాయి. వారానికి మూడు సార్లు చేయించుకునేవారిలో సైతం, రెండు రోజుల ఎడం వచ్చే చోటనే మరణాలూ, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరవలసిన సందర్భాలూ ఎక్కువని 2011లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం చూపింది. అంటే తప్పించిన ఒక్క డయాలసిస్ మిగిల్చే డబ్బు, అత్యవసర విభాగంలో ఒక్క రాత్రికి చాలదు. నాన్నగారికి ఈ లెక్కే చెప్పండి. మీ కోసం త్యాగం చేయాలనుకునే మనిషికి, ఆ త్యాగం వల్ల మీకే నష్టమని తెలిస్తే మనసు మారుతుంది.

ఇక కొలత సంగతి. చికిత్స తీసుకునే సమయంలో ఇంటివారు నేరుగా చెల్లించి, తిరిగి ఎవరి నుంచీ రాబట్టుకోలేని మొత్తాన్నే చేతి ఖర్చుగా లెక్కిస్తారు. బీమా ప్రీమియం ఇందులోకి రాదు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల కింద చాలాకాలం వాడిన కొలత ప్రకారం, ఇంటి మొత్తం వ్యయంలో లేదా ఆదాయంలో ఈ ఖర్చు 10 శాతం దాటితే భారీ భారమనీ, 25 శాతం దాటితే అంతకన్నా తీవ్రమైనదనీ పరిగణించేవారు. మీది 28. కనుక పెద్ద గీతను కూడా దాటి ఉన్నారు.

అయితే ఈ కొలతలో ఒక లోపం ఉంది. వైద్యానికి వందకు 15 భాగాలు పెట్టే రెండు కుటుంబాలను పక్కపక్కన ఊహించుకోండి. ఒకరికి తిండికీ, గూటికీ 30 భాగాలు చాలు, మరొకరికి 70 కావాలి. మొదటివారు మిగిలిన 70లో 15 పెడుతున్నారు, అది వారికి ఇబ్బంది. రెండవవారు మిగిలిన 30లో 15 పెడుతున్నారు, అది వారికి గండం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ ప్రాంతీయ కార్యాలయం మరో విధంగా చూస్తుంది. తిండి, అద్దె, కరెంటు, నీరు వంటి కనీస అవసరాలను తీసివేసి, మిగిలిన చెల్లింపు శక్తిలో 40 శాతానికి మించి వైద్యానికి పోతే దాన్ని కుటుంబాన్ని కుదిపివేసే ఖర్చుగా లెక్కిస్తుంది. మీ లెక్కలో 45 తీసివేస్తే మిగిలేది 55, అందులో వైద్యానికి 28, అంటే సగానికి పైనే. కనుక "ఇంకా ఎంత దూరం మోయగలం" అని కాక, "ఇప్పుడే ఏ భాగాన్ని దించుకోగలం" అని ఆలోచించవలసిన స్థితిలో ఉన్నారు.

ఈ గణాంకాలు కూడా మీ పరిస్థితిని ఉన్నదానికన్నా తేలికగానే చూపిస్తాయి. రాకపోకల ఖర్చు, తమ్ముడు పోగొట్టుకుంటున్న సంపాదన ఈ నిర్వచనంలోకి రావు. దానికన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. డబ్బు లేక వైద్యమే మానుకున్న మనిషి ఖర్చు సున్నాగా నమోదవుతుంది. పుస్తకంలో ఆ సున్నాను చూసినవారు అక్కడ కష్టమే లేదనుకుంటారు. ఒక ప్రాంతంలో వైద్య ఖర్చు తక్కువగా కనిపిస్తే అక్కడి ప్రజలు ఆరోగ్యంగా ఉన్నారని కావచ్చు, ఆసుపత్రి గడప ఎక్కలేకపోతున్నారని కూడా కావచ్చు. ఈ రెంటినీ విడదీసి చూడనివారి విశ్లేషణను నేను నమ్మను.

ఈ స్థితిలో ఉన్నది మీరొక్కరే కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2023లో కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం, 2019లో సుమారు 200 కోట్ల మంది వైద్య ఖర్చుల వల్ల ఆర్థిక ఇబ్బందికి గురయ్యారు. అంతమందికి ఒకేసారి పొదుపు చేతకాకపోయిందని అనగలమా? జబ్బుపడిన రోజున, జబ్బుపడిన ఇంటి నుంచే డబ్బు వసూలు చేసే పద్ధతిలో తప్పుంది. ఒక దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో చేతి ఖర్చుల వాటా 15 నుంచి 20 శాతానికి తగ్గితే ఇలా చితికిపోయే కుటుంబాల సంఖ్య నామమాత్రమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నివేదికలోనే రాసింది.

మీ కష్టానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ థాయ్‌లాండ్‌ది. 2002 నాటికి ఆ దేశం ప్రజలందరికీ ఆరోగ్య రక్షణ కల్పించి మంచి పేరు తెచ్చుకుంది. కానీ ఖర్చు ఎక్కువన్న కారణంతో డయాలసిస్‌ను మొదట అందులో చేర్చలేదు. తక్కిన జబ్బులన్నిటికీ రక్షణ ఉన్న ఆ దేశంలో మూత్రపిండాలు చెడిన ఇళ్ళు మాత్రం అప్పులపాలయ్యాయి. రోగులు, వైద్యులు, పౌర సంఘాలు పట్టుబట్టాక, 2008లో ఇంటి వద్దనే పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌కు ప్రాధాన్యమిస్తూ దాన్నీ చేర్చారు. ఆ పద్ధతి అందరికీ సరిపడదు, దానికి శుభ్రత, శిక్షణ చాలా అవసరం. అయినా వారానికి మూడు పూటల ప్రయాణం తప్పుతుంది కనుక, నాన్నగారికి అది అనువవుతుందా అని వైద్యుణ్ణి ఒక్కసారి అడగడంలో తప్పు లేదు.

జవాబు 2: ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పదకొండేళ్ళు పనిచేసిన సభ్యురాలు

పై జవాబులోని లెక్కలతో నాకు పేచీ లేదు. నేను కౌంటరుకు లోపలి వైపు కూర్చుని చూసిన విషయాలు మాత్రం చెబుతాను.

కుటుంబాలు అడగవలసిన ప్రశ్నలు చికిత్సకు ముందు అడగవు, బిల్లు చేతికి వచ్చాక అడుగుతాయి. బిల్లు తయారయ్యాక గుమాస్తా చేతిలో ఏమీ ఉండదు. ముందుగా అడిగితే ఆసుపత్రి పాలనాధికారికి రాయితీ ఇచ్చే అవకాశమూ, వాయిదాలు కట్టే అవకాశమూ చాలాచోట్ల ఉంటాయి. కనుక మీరు చేయవలసిన మొదటి పని, వచ్చే మూడు నెలలకు ఎన్ని డయాలసిస్‌లు, ఏయే ఇంజెక్షన్లు, ఏయే పరీక్షలు అవసరమో వైద్యుని చేత ఒక కాగితం మీద రాయించుకుని, దానికి మొత్తం ఎంతవుతుందో బిల్లింగ్‌లో రాతపూర్వకంగా అడగడం. రోజుకొక బిల్లుగా కట్టే మనిషి ఏ రోజు ధర ఆ రోజు కడతాడు. మూడు నెలల పని ముందుంచిన మనిషితో ఆసుపత్రి వేరే విధంగా మాట్లాడుతుంది.

ఒక్క డయాలసిస్ ధర అని చెప్పినప్పుడు అందులో ఏమేమి కలిసి ఉన్నాయో తప్పక విడదీసి అడగండి. రక్తాన్ని వడపోసే డయలైజరు, గొట్టాలు, సూదులు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అన్నీ కలిపిన ధరా, కాదా? ఒకచోట తక్కువ ధర చెప్పి వీటిని విడిగా వేస్తారు, మరొకచోట ఎక్కువ ధర చెప్పినా అన్నీ అందులోనే ఉంటాయి. పైకి కనిపించే అంకెను మాత్రమే పోల్చి చూసి కేంద్రం మార్చి, ఆ తర్వాత బాధపడినవారిని చాలామందిని చూశాను.

ప్రతి నెలా ఒకసారి వివరమైన బిల్లు అడిగి తీసుకోండి. మొత్తం మాత్రమే ఉన్న రశీదు పనికిరాదు, ప్రతి వస్తువూ, ప్రతి తేదీ ఉన్న బిల్లు కావాలి. దాన్ని మీ పుస్తకంతో పక్కన పెట్టి సరిచూడండి. మేము ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒకే పరీక్ష రెండు సార్లు ఎక్కడం, రద్దయిన పని బిల్లులో మిగిలిపోవడం, తిరిగి ఇచ్చేసిన మందులు తీసివేయకపోవడం జరుగుతుండేవి. ఎవరైనా వచ్చి మర్యాదగా చూపిస్తే అప్పటికప్పుడు సరిచేసేవాళ్ళం. పదకొండేళ్ళలో అలా చూపించినవారు బహు తక్కువ. చాలామంది బిల్లు చదవడాన్ని అవమానంగా భావించేవారు, చదివితే వైద్యుడికి కోపం వస్తుందని భయపడేవారు కూడా. వైద్యుడికి ఆ బిల్లు సంగతే తెలియదు.

మీరు వెంటనే చేయవలసిన చిన్న పని ఒకటుంది. మెషీన్ నుంచి వచ్చే నున్నటి కాగితపు రశీదుల మీద అచ్చు వేడితో పడుతుంది, సిరాతో కాదు. ఫైలులో పెట్టి ఎండ తగిలేచోట ఉంచితే కొద్ది నెలల్లో తెల్లబడిపోతుంది. బీమా క్లెయిముకు తెచ్చిన ఫైలు తెరిస్తే సగం రశీదులు ఉత్త కాగితాలుగా మిగిలి ఉన్న సందర్భాలు నాకు గుర్తున్నాయి. ఒకాయన ఆ కాగితాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకున్న తీరు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. రశీదు వచ్చిన రోజే ఫోటో తీసుకోండి, వీలైతే జిరాక్స్ తీయించి తేదీ మీ చేత్తో రాసి ఉంచండి.

మీ ఆసుపత్రిలో వైద్య సామాజిక కార్యకర్త అనే ఉద్యోగి ఉన్నారేమో విచారించండి. ధర్మనిధులు, ప్రభుత్వ పథకాలు, మందుల కంపెనీల సహాయ పథకాలు ఎవరికి వర్తిస్తాయో వారికి తెలిసి ఉంటుంది. ఎవరూ వచ్చి అడగక ఆ నిధులు ఏడాది చివర మిగిలిపోవడం నేను కళ్ళారా చూశాను.

జవాబు 3: ఆస్తులమ్మిన అనుభవం ఉన్న ఒక సభ్యుడు

ముందుగా ఏది అమ్మాలన్న ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబివ్వలేదు కనుక రాస్తున్నాను. వాహనం అమ్మవద్దు. ఎంత ఒత్తిడి వచ్చినా అమ్మవద్దు.

మా అన్నయ్య కాన్సరు చికిత్స సమయంలో మా వదిన నడిపే మూడు కుట్టుమిషన్లను రెండో నెలలోనే అమ్మేశాము. బుద్ధి లేక చేసిన పని కాదది. వాటిని కొనడానికి మనిషి ఆ సాయంత్రమే దొరికాడు, స్థలం కొనేవారు దొరకలేదు, ఆసుపత్రి మరునాటి ఉదయానికి డబ్బు కట్టమంది. సంపాదించి పెట్టే వస్తువులే తొందరగా అమ్ముడుపోతాయి, ఎందుకంటే వాటి విలువ కొనేవాడికి కంటికి కనిపిస్తుంది. ఆ డబ్బు తొమ్మిది రోజుల ఖర్చుకే సరిపోయింది. మిషన్లు పోయాక ఇంట్లోకి రావలసిన నెలసరి రాబడి రెండేళ్ళపాటు రాలేదు. అన్నయ్య దేవుడి దయవల్ల కోలుకున్నాడు గానీ, మా ఇల్లు కోలుకోవడానికి ఆయన కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఈ దారి మా ఒక్క ఇంటిదే కాదు. 40 అల్పాదాయ, మధ్యాదాయ దేశాల సమాచారం ఆధారంగా 2009లో వచ్చిన ఒక పరిశోధన, వైద్యం కోసం అప్పు చేసిన లేదా వస్తువులు అమ్ముకున్న కుటుంబాలు నాలుగో వంతుకు పైగా ఉన్నాయని తేల్చింది.

కనుక ఊరికే పడి ఉన్న ఆస్తి ముందు, రాబడి తెచ్చే ఆస్తి చిట్టచివర. మీ బంగారం విషయంలో అమ్మడమా, తాకట్టా అన్నది వడ్డీ మీద ఆధారపడుతుంది. తిరిగి విడిపించుకునే రాబడి కళ్ళ ముందు ఉంటేనే తాకట్టు, లేకపోతే అమ్మడమే మేలు. విడిపించుకోలేని వస్తువుకు వడ్డీ కట్టుకుంటూ పోయి, చివరకు వస్తువునూ వడ్డీనీ రెంటినీ పోగొట్టుకున్నవాళ్ళం మేము.

మొదటి జవాబు రాసిన పెద్దాయనతో ఒక్క విషయంలో విభేదిస్తాను. శాతాల లెక్క ప్రభుత్వాలకు కావాలి, ఒప్పుకుంటాను. ఇంట్లో ఉన్నవారికి మాత్రం ఎన్ని నెలలన్నదే అసలు లెక్క. చేతిలో ఉన్నది, వస్తున్నది, పోతున్నది వేసుకుంటే ఏ నెలలో డబ్బు ఆగిపోతుందో తెలుస్తుంది. ఆ నెలకు నాలుగు నెలల ముందే సహాయం కోసం వెతకడం మొదలుపెట్టాలి. మేము ఆ నెల వచ్చాక మొదలుపెట్టాము.

జవాబు 4: మందుల దుకాణంలో పనిచేసే ఫార్మసిస్టు

మీ ప్రశ్నలో అందరూ దాటిపోయిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అమ్మగారి మందుల ఖర్చు సగానికన్నా తగ్గిందని, బి.పి., షుగరు అదుపులోకి వచ్చి ఉంటాయని రాశారు. అదుపులోకి వస్తే వైద్యుడు మోతాదు తగ్గించి ఉండవచ్చు, ధర తక్కువ కంపెనీ మందుకు మార్చి ఉండవచ్చు. అలా జరిగితే మీ పుస్తకంలో ఆ చీటీ ఉంటుంది. చీటీ మారకుండా ఖర్చు తగ్గిందంటే మాత్రం దయచేసి ఈ రోజే ఒక పని చేయండి. ఆవిడను ఏమీ అడగకండి, అడిగితే వేసుకుంటున్నాననే చెబుతారు. మందుల డబ్బా తీసి, స్ట్రిప్పు కొన్న తేదీ చూసి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి.

నేను ఇలా అడగడానికి కారణం ఉంది. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చిన కొద్ది నెలలకు, ఆ ఇంటి నుంచి వచ్చే మిగతావారి చీటీలు పల్చబడతాయి. నెల మందు పదిహేను రోజులకే కొంటారు, తర్వాత ఒక స్ట్రిప్పు అంటారు, తర్వాత ఐదు మాత్రలు కత్తిరించి ఇవ్వమంటారు. బి.పి. మాత్ర మానేస్తే ఆ రోజు ఏ బాధా తెలియదు, అందుకే మొట్టమొదట దాన్నే మానేస్తారు. ఆ మాత్ర ధర ఒక డయాలసిస్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు, కానీ పక్షవాతం వస్తే ఆ ఇంట్లో ఇద్దరు రోగులవుతారు.

ఇదంతా నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ 1974లో మొదలుపెట్టిన ఆరోగ్య బీమా ప్రయోగంలో కొన్ని కుటుంబాలకు ఉచితంగానూ, కొన్నిటికి ఖర్చులో వాటా పెట్టుకునే షరతు మీదా వైద్యం అందించారు. వాటా పెట్టుకోవలసినవారు అనవసరమైన వైద్యాన్ని మాత్రమే తగ్గించుకుంటారని అనుకున్నవారికి, అవసరమైనదాన్నీ అంతే తగ్గించుకున్నారని తేలింది. ఉచిత వైద్యం అందినవారిలో, బి.పి. ఉన్న పేదలకు అది మెరుగ్గా అదుపులోకి వచ్చింది. ఏ మందు మానితే ప్రమాదమో ఏది మానినా పరవాలేదో తేల్చుకునే చదువు మనలో ఎవరికుంది?

మందుల ఖర్చు తగ్గించుకోవడానికి మంచి దారులు వేరే ఉన్నాయి. చీటీలో కంపెనీ పేరుకు బదులు మందు అసలు పేరు రాయమని వైద్యుణ్ణి అడగండి. ఆ పేరుతో వచ్చే జెనరిక్ మందులో ఉండే ఔషధం అదే, మోతాదు అదే. నాన్నగారికి మున్ముందు మూత్రపిండ మార్పిడి జరిగితే మాత్రం, కొత్త మూత్రపిండాన్ని ఒళ్ళు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ వంటి మందుల కంపెనీని వైద్యునికి చెప్పకుండా మార్చకూడదు, ఎందుకంటే రక్తంలో వాటి స్థాయి కొద్దిగా అటూ ఇటూ అయినా ముప్పు. ఇంకొకటి. ఇద్దరు ముగ్గురు వైద్యులను చూసే రోగి చీటీలన్నీ ఒకచోట పరిచి చూస్తే, ఒకే మందు రెండు పేర్లతో ఉండడం, ఎప్పుడో ఆపవలసిన మందు ఇంకా సాగుతూ ఉండడం తరచుగా కనిపిస్తుంది. అన్ని చీటీలూ ఒక సంచిలో వేసుకుని వైద్యుని ముందు పెట్టండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, నాలుగు రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. ఫార్మసిస్టుగారి మాట చదివిన రాత్రే అమ్మ నిద్రపోయాక మందుల డబ్బా తీశాను.

బి.పి. మాత్రల స్ట్రిప్పులో పదిహేను ఉంటాయి. అది కొన్న తేదీ నా పుస్తకంలో ఉంది, అప్పటికి సరిగ్గా ఇరవై ఒక్క రోజులైంది. రోజుకొకటి వేసుకుంటే ఎప్పుడో అయిపోయి రెండో స్ట్రిప్పు నడుస్తూ ఉండాలి. కానీ అందులో ఇంకా ఆరు మాత్రలు ఉన్నాయి. వెనక వైపు రేకు మీద, ఖాళీ అయిన ప్రతి గూటి పక్కనా పెన్నుతో చిన్న అక్షరాలు రాసి ఉన్నాయి: సో, బు, శు. అవి నాన్నగారి డయాలసిస్ రోజులు.

పొద్దున అడిగితే మొదట మాట మార్చింది. స్ట్రిప్పు చూపించాక, ఆ మూడు రోజులు ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చోవాలి కదా, అక్కడ తనకు కళ్ళు తిరిగితే మీరు ఎవరిని చూసుకుంటారని ఆ రోజుల్లో మాత్రం వేసుకుంటున్నానని చెప్పింది. షుగరు మాత్రల సంగతి కూడా ఇంచుమించు అంతే. తొమ్మిది నెలలుగా ఇలా సాగుతోందట. ఆ తగ్గుదలను నేను ప్రతి నెలా నా చేత్తోనే పుస్తకంలో రాసుకుని, ఒక్క ఖర్చయినా కలిసొచ్చిందని ఊరటపడ్డాను.

నిన్న ఆవిడను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాము. బి.పి. చాలా ఎక్కువగా ఉంది. కళ్ళకూ, మూత్రపిండాలకూ పరీక్షలు రాశారు, మూత్రంలో ప్రోటీన్ పరీక్షతో సహా. డయాలసిస్ రోగి భార్యకు ఆ పరీక్ష రాస్తున్నప్పుడు ఆయన ఒక్క క్షణం కలం ఆపారు. అమ్మ గమనించలేదు, నేను గమనించాను. మాత్రలు రెండూ జెనరిక్ పేర్లతో రాయించుకున్నాను.

నాన్నగారికి మొదటి జవాబులోని లెక్క చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, మీ అమ్మ మాత్రలు మానకుండా ఉంటే నేను కూడా మూడు సార్లకు వస్తానని అన్నారు. ఇద్దరి చేతా ఆ ఒప్పందం చేయించాము.

వాహనం అమ్మే ఆలోచన పూర్తిగా మానుకున్నాము. నెలల లెక్క వేస్తే మాకు ఏడో నెలలో డబ్బు ఆగిపోయేలా ఉంది, అంటే నాలుగు నెలల ముందే సహాయం వెతకడం మొదలుపెట్టాలంటే మూడు నెలలే చేతిలో ఉన్నాయి. మూడు నెలల చికిత్స వివరం వైద్యుని చేత రాయించుకున్నాను, గురువారం సామాజిక కార్యకర్తను కలవబోతున్నాము. పెరిటోనియల్ డయాలసిస్ గురించి అడిగితే, పొట్టకు గతంలో జరిగిన ఆపరేషన్ కాగితాలు చూశాకే చెప్పగలనని వైద్యుడు అన్నారు. ఆ కాగితాల కోసం పాత ఫైళ్ళు వెతుకుతున్నాము. రశీదులు కొన్ని ఇప్పటికే తెల్లబడ్డాయి, అచ్చు మిగిలి ఉన్నవన్నిటికీ తమ్ముడు ఫోటోలు తీశాడు.

లెక్కల పుస్తకంలో రెండు కొత్త గడులు గీశాను. ఒకదానిలో తమ్ముడు పని మానిన పూటలు రాస్తున్నాను. రెండవదానిలో అమ్మ స్ట్రిప్పులో ఎన్ని మాత్రలు మిగిలాయో ప్రతి ఆదివారం లెక్కపెట్టి రాస్తాను.